చెరువు ఒడ్డున పెరిగిన మహానగరం

నదుల ఒడ్డున నాగరికతలు పుట్టాయని మనమందరము చిన్న తరగతులలోనే చదువుకున్నాము. సింధు, నైలు, గంగ, కృష్ణ అన్న పేర్లు పరీక్షలో వ్రాయని విద్యార్థి ఉండడు. అయితే నది లేని చోట, ఉన్నా ఏడాదిలో ఎనిమిది నెలలు ఇసుకమేటగా మిగిలే చోట మానవుడు ఏమి చేశాడు? ఈ ప్రశ్న మన సీమవారికి కొత్తది కాదు. వేసవిలో స్వర్ణముఖిని, బాహుదాను, నీవాను చూచినవారికి సమాధానము తెలియును. అతడు చెరువు కట్టుకున్నాడు.

2019 డిసెంబరులో మేము మా విద్యార్థులతో హైదరాబాదుకు విహారయాత్ర వెళ్ళాము. ట్యాంక్ బండ్ మీద బస్సు ఆగగానే మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు, "సార్, ఈ నది పేరేమి?" అని అడిగాడు. ప్రక్కనున్నవాడు "నది కాదురా, చెరువంట" అన్నాడు. "ఇంత చెరువా? ఎవరు తవ్వినారు సార్?" అని మొదటివాడు మళ్ళీ అడిగాడు. ఆనాడు బస్సు కదిలే తొందరలో మేము చెప్పిన జవాబు రెండు వాక్యాలకు మించలేదు. మిగిలిన జవాబును ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాము.

ప్రపంచంలో సరస్సుల తీరాన వెలసిన నగరాలు అనేకము గలవు. మన జిల్లాల యువకులు ఉన్నత విద్యకై వెళ్ళుచున్న కెనడా దేశపు టొరాంటో అట్టిదే. ఆంటారియో సరస్సు ఒడ్డున 1793లో యార్క్ అను పేరుతో చిన్న పట్టణంగా మొదలై, 1834లో టొరాంటో పేరుతో నగరమయినది. ఆ సరస్సును హిమయుగపు మంచుదిబ్బలు తొలిచి ఇచ్చాయి. మనుష్యులు వచ్చి దాని ఒడ్డున ఊరు కట్టుకున్నారు. హైదరాబాదు సంగతి వేరు. ఇక్కడ ఊరినీ మనుష్యులే కట్టారు, నీటినీ మనుష్యులే నిలిపారు. ప్రకృతి ఇచ్చిన సరస్సు మనము పట్టించుకోకపోయినా కొంతకాలము నిలుచును. మనిషి కట్టిన చెరువు మనిషి కాపాడినంత కాలమే నిలుచును. ఈ భేదమును గుర్తుంచుకొంటే మిగిలిన చరిత్ర సులభముగా అర్థమగును.

నగరము కంటె ముందు పుట్టిన చెరువు

చాలామంది హైదరాబాదు నగరము కొరకు హుస్సేన్ సాగర్ నిర్మింపబడినదని భావిస్తారు. కాలక్రమము చూస్తే అది సరికాదని తెలియును. చెరువు నిర్మాణము 1562 ప్రాంతములో జరిగినది. నగర స్థాపన 1591లో జరిగినది. అనగా నగరము కంటె చెరువు సుమారు మూడు దశాబ్దాలు పెద్దది.

ఆనాడు రాజధాని గోల్కొండ. కాకతీయుల కాలపు మట్టికోటగా మొదలై, బహమనీల చేతిలోనికి వెళ్ళి, సుల్తాన్ కులీతో కుతుబ్‌షాహీ వంశమునకు నెలవయినది. ఆ వంశములో ఇబ్రహీం కులీ కుతుబ్ షా 1550 నుండి 1580 వరకు పాలించాడు. సింహాసనమునకు రాక పూర్వము, అన్నగారికి భయపడి ఏడేండ్లు విజయనగరములో అళియ రామరాయల ఆశ్రయములో గడిపాడు. అచ్చటనే తెలుగు భాషపై అభిమానము పెంచుకున్నాడు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఆయనకు అంకితమిచ్చాడు. ఆయనను తెలుగు కవులు 'మల్కిభరాము'డని పిలిచారు. ఆయన ఉద్యోగి అమీన్ ఖానుకు పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెలుగు కావ్యమయిన 'యయాతి చరిత్ర'ను అంకితమిచ్చాడు. అదే ఇబ్రహీం 1565లో దక్కను సుల్తానులతో కలిసి, తనకు ఆశ్రయమిచ్చిన రామరాయలపై యుద్ధము చేశాడన్నది కూడా చరిత్రయే. ఒక మనిషిలో గల ఈ రెండు ముఖములను దాచకుండా చెప్పుట చరిత్ర విద్యార్థి ధర్మము.

ఈ ఇబ్రహీం కాలములోనే హుస్సేన్ సాగర్ కట్టబడినది. ఆ పని పర్యవేక్షించినవారు సూఫీ మహనీయులయిన హజ్రత్ హుస్సేన్ షా వలీ. గుల్బర్గాలో వెలసిన ఖ్వాజా బందేనవాజ్ వంశమువారు, సుల్తానుకు అల్లుడు. చెరువుకు తన పేరు పెట్టుకోవలెనని సుల్తాను తలచాడనీ, జనము మాత్రము దగ్గరుండి పని చేయించిన వలీ పేరుతోనే పిలిచారనీ, దానితో సుల్తాను ఇబ్రహీంపట్నములో మరొక చెరువు కట్టించుకున్నాడనీ జనశ్రుతి. అది నిజమయినా కాకపోయినా, పనిచేయించినవాని పేరును జనము మరువరన్న నీతి అందులో ఉన్నది.

చెరువు ఎట్లు పనిచేయును?

చెరువంటే పెద్ద గుంట అని నగరవాసులు అనుకుంటారు. చెరువు ఒక ఏర్పాటు. దానికి అయిదు అంగములు. మొదటిది, వాన కురిసి నీరు జారివచ్చు పరీవాహక ప్రాంతము. రెండవది, ఆ నీటిని తెచ్చు వాగు లేక కాలువ. మూడవది, నీటిని ఆపు కట్ట. నాలుగవది, పొలాలకు నీరు వదలు తూము. అయిదవది, మిగులు నీరు కట్టను తెంపకుండా బయటికి పోవు దారి. దీనిని కోస్తావారు అలుగు అంటారు, తెలంగాణావారు మత్తడి అంటారు, మన సీమలో మరవ అంటారు. ఒక చెరువు మరవ పారిన నీరు దిగువ చెరువుకు చేరును, అది నిండి ఆ దిగువ దానికి చేరును. ఇట్లు చెరువులు గొలుసుకట్టుగా ఉండును. ఏ అంగమును త్రుంచినా మిగిలినవి పనిచేయవు.

ఈ శాస్త్రము మన పెద్దలకు బాగుగా తెలియును. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనమొకటి గలదు. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అచ్చట చెరువు కట్టించి వేయించినది. చెరువుకు కావలసిన పన్నెండు సాధనములను, తగులరాని ఆరు దోషములను అందులో వివరించాడు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేశారని లెక్క కూడా చెప్పాడు. మన గ్రామాలలో చెరువు మరమ్మతు చేయువారికి దశబంధమను మాన్యమిచ్చు ఆచారముండేది. తూము తెరచుటకు, మూయుటకు నీరుగంటి ఉండేవాడు. శాస్త్రముతో పాటు బాధ్యత గల మనుష్యులను కూడా ఏర్పాటు చేశారన్నమాట.

హుస్సేన్ సాగర్ కూడా ఇట్టి చెరువే. దానికి మూసీ నది నుండి కాలువ ద్వారా నీరు తెచ్చారు. కట్ట దిగువన ఆయకట్టు పొలాలుండేవి. ఈనాడు కట్ట క్రింద మేడలున్న చోట ఒకనాడు వరి పండినది.

మూసీ దాటిన రాజధాని

కాలక్రమమున గోల్కొండ జనముతో క్రిక్కిరిసినది. కోటలో చోటు లేదు, నీరు చాలదు. మూసీకి అవతల విశాలమయిన మైదానము ఉన్నది. 1578లో ఇబ్రహీం మూసీపై వంతెన కట్టించాడు. నేటి పురానాపూల్ అదే. రాజధానికి రేవుపట్టణమయిన మచిలీపట్నమునకు పోవు వర్తకుల మార్గము ఈ మైదానము మీదుగా సాగేది. నగరము పుట్టుటకు వలసిన దారి, నీరు, చోటు మూడును సమకూరినవి.

ఇబ్రహీం కుమారుడు ముహమ్మద్ కులీ కుతుబ్ షా హిజ్రీ 1000వ సంవత్సరమున, అనగా 1591లో, కొత్త నగరమునకు పునాది వేశాడు. నగర రచనకు మార్గదర్శి ఇరాను దేశపు అస్త్రాబాదు నుండి వచ్చిన మీర్ మోమిన్. మధ్యన చార్మినారును నిలిపి, దాని నుండి నాలుగు దిక్కులకు నాలుగు వీథులు తీర్చారు. ముహమ్మద్ కులీ దక్కనీ ఉర్దూలో కవిత్వము వ్రాసి, సంపుటముగా మిగిల్చిన తొలితరము కవి. ప్రేయసి భాగమతి పేరుతో భాగ్యనగరమయినదను కథ ప్రసిద్ధము. చరిత్రకారులలో దానిపై ఏకాభిప్రాయము లేదు. పదునేడవ శతాబ్దిలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే ఈ నగరమును బాగ్‌నగర్ అని వ్రాశాడు.

నగరము పెరిగిన కొలది చెరువులూ పెరిగినవి. అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగమును ప్రజలు 'మా సాహెబా' అని గౌరవించేవారు. ఆమె పేరిట వెలసిన చెరువే మాసాబ్ ట్యాంక్. ఈనాడు ఆ పేరుతో బస్సు ఆగును గాని, అచ్చట చెరువు లేదు. పేరు మిగిలి నీరు పోయిన చోటు అది.

కట్టకు ఆవలి ఊరు, మన సీమ

1687లో ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి తరువాత గోల్కొండను జయించాడు. నగర వైభవము కొంతకాలము మసకబారినది. 1724లో స్వతంత్రులయిన అసఫ్‌జాహీలు మొదట ఔరంగాబాదు నుండి పాలించి, నిజాం అలీఖాను కాలమున రాజధానిని హైదరాబాదుకు మార్చుకున్నారు. నగరమునకు రెండవ జన్మ వచ్చినది.

1798లో నిజాము ఆంగ్లేయులతో సైన్య సహకార ఒప్పందము చేసుకున్నాడు. ఆ ఆంగ్ల సైన్యము హుస్సేన్ సాగర్‌కు ఉత్తరమున దిగినది. 1806లో ఆ దండు స్థలమునకు మూడవ నిజాము సికందర్ జాహ్ పేరిట సికింద్రాబాదు అని పేరు వచ్చినది. ఇట్లు చెరువుకు దక్షిణమున నవాబుల నగరము, ఉత్తరమున దండు పట్టణము ఏర్పడినవి. రెంటికీ నడుమ దారి చెరువు కట్టయే. పొలాలకు నీరు ఆపుటకు కట్టిన మట్టికట్ట జంటనగరాలను కలుపు రాజమార్గమయినది.

ఇక్కడ మన విద్యార్థులు గమనింపదగిన విషయమొకటి గలదు. ఆ సైన్యపు ఖర్చు ఎవరు భరించారు? ప్రతి సంవత్సరము సొమ్ము చెల్లించుటకు బదులు, మైసూరు యుద్ధాలలో టిప్పు సుల్తాను రాజ్యము నుండి తన వాటాకు వచ్చిన ప్రాంతములను నిజాము 1800లో ఆంగ్లేయులకు వదలినాడు. అవియే దత్తమండలములు. బళ్ళారి, అనంతపురము, కడప ప్రాంతములతో పాటు గుర్రంకొండ సీమ అందులో చేరినది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు కడప నుండి వచ్చి కలిసిన మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు ఈ దత్తమండలములలోనివే. ఈ సీమ రైతులు కట్టిన శిస్తు లెక్కప్రకారము హుస్సేన్ సాగర్ ఉత్తరపు ఒడ్డున దిగిన దండుకు మూల్యము. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారి సూచనతో దత్తమండలమను పేరు పోయి రాయలసీమ అయినది. సికింద్రాబాదు పుట్టుక, మన సీమ చేతులు మారుట ఒకే ఒప్పందము యొక్క రెండు వైపులు. హైదరాబాదు చరిత్ర మనకు పరాయిది కాదని చెప్పుటకే ఇది వ్రాశాము.

1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చినది. 1907లో నాంపల్లి స్టేషను వెలసినది. 1901 జనాభా లెక్కలలో నగర జనసంఖ్య సుమారు 4 లక్షల 48 వేలు.

1908 సెప్టెంబరు 28

ఆ రోజు మూసీ పొంగి నగరముపై విరుచుకుపడినది. వేలాది ప్రాణాలు పోయినవి. 15 వేలని సాధారణముగా చెప్పుదురు. వేలకొలది ఇండ్లు కూలినవి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలను పట్టుకొని నూటయాభైమంది ప్రాణాలు దక్కించుకున్నారని నగరము ఇప్పటికీ చెప్పుకొనును.

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ప్రభుత్వము మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. వారు మైసూరు సంస్థానమువారే గాని ఇంటిపేరు తెలుగు ఊరిదే. వారు లెక్క తీయగా, నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతములో 788 చెరువులుండగా వాటిలో 221 తెగినవని తేలినది. ఒక చెరువు తెగిన నీరు దిగువ చెరువును తెంపినది, అది మరొకదానిని తెంపినది. గొలుసుకట్టు సక్రమముగా ఉన్నపుడు వరముగా ఉండునది, అదుపు తప్పినపుడు శాపమగును. విశ్వేశ్వరయ్యగారు చెరువులను నిందించలేదు. ఎగువన మరి రెండు పెద్ద జలాశయములు కట్టి వరదను నిలుపుమన్నారు. ఆ సలహా ప్రకారము మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోను, దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తి అయినవి. ఇవి వరదను ఆపుటయే గాక నగరమునకు త్రాగునీరు ఇచ్చినవి. అంతవరకు త్రాగునీటికి ముఖ్య ఆధారముగా ఉన్న హుస్సేన్ సాగర్‌కు ఆ భారము తొలగినది.

ఆ భారముతో పాటు దాని మీద శ్రద్ధ కూడా తొలగినదని మా అభిప్రాయము. త్రాగు నీటిలో ఎవరూ మురికి కలుపరు. త్రాగని నీటిలో కలుపుటకు వెనుదీయరు.

నగరము చెరువును చుట్టుముట్టుట

1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. 1918లో ఉర్దూ మాధ్యమముగా ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. 1948లో సంస్థానము భారతదేశములో విలీనమయినది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, కర్నూలు నుండి రాజధాని హైదరాబాదుకు మారినది. అప్పటినుండి మన జిల్లాల నుండి ఉద్యోగులు, విద్యార్థులు, వర్తకులు అచ్చటికి వెళ్ళి స్థిరపడసాగారు. 1951లో 11 లక్షల దాకా ఉన్న జనాభా 2011 నాటికి మహానగర పరిధిలో 67 లక్షలు దాటినది. 2014లో రాష్ట్రము విడిపోయి అది తెలంగాణ రాజధానిగా నిలిచినది. మనవారి రాకపోకలు మాత్రము ఆగలేదు.

1986లో ట్యాంక్ బండ్‌పై తెలుగు ప్రముఖుల విగ్రహములు ప్రతిష్ఠించారు. తిరుమలేశుని కీర్తించిన అన్నమయ్య, చిత్తూరు కట్టమంచివారయిన సి.ఆర్. రెడ్డిగారు, తిరుపతిలో చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు అచ్చట ఉన్నారు. అదే వరుసలో గోల్కొండ తానీషా, ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నారు. ఇన్ని భాషలవారిని, ఇన్ని మతములవారిని ఒక వరుసలో నిలిపినది ఒక చెరువు కట్ట. 1990లో తరలించునపుడు నీట మునిగిన బుద్ధ విగ్రహము 1992 డిసెంబరులో చెరువు మధ్యన నిలిచినది. ఆ ప్రమాదమున కార్మికులు ప్రాణములు కోల్పోయిన సంగతిని చూపరులు మరువరాదు.

పైన ఇంత శోభ ఉండగా, అడుగున వేరొక కథ నడచినది. వాననీరు తెచ్చిన వాగులు నగరపు మురుగునూ, కార్ఖానాల వ్యర్థమునూ తెచ్చు నాలాలయినవి. ఒడ్డులు పూడ్చి రోడ్లు, కట్టడాలు వేశారు. చెరువు చిక్కినది, నీరు కంపుకొట్టినది. 2000 ఆగస్టులో కుంభవృష్టి కురిసినపుడు చెరువు పొంగి, ఒకనాడు ఆయకట్టయిన దిగువ కాలనీలు మునిగినవి. 2020 అక్టోబరులో మరల నగరములో చెరువులు తెగి, వీథులు వాగులయినవి. నీరు కొత్త దారి వెదకుకొనలేదు. తన పాతదారినే వచ్చినది. ఆ దారిలో మనము ఇల్లు కట్టుకొన్నాము. చెరువుల ఆక్రమణలను తొలగించుటకు 2024లో తెలంగాణ ప్రభుత్వము 'హైడ్రా' అను సంస్థను నెలకొల్పినది. తెలియక స్థలము కొని, కష్టార్జితముతో గూడు కట్టుకున్న పేదవాని గోడు కూడా ఆ చర్చలో వినబడినది. పూడ్చినవాడొకడు, అమ్మినవాడొకడు, నష్టపోయినవాడు మరొకడు. కావుననే చెరువును మొదటే కాపాడుట మేలు.

ఇంటి ముంగిట పాఠము

హైదరాబాదు కథను ఇంతటితో ముగింపవచ్చును. కాని 2021 నవంబరులో తిరుపతి పట్టణము మునిగినపుడు ఆ కథ మన ముంగిటికి వచ్చినది. రామచంద్రాపురము మండలములోని రాయలచెరువు కట్టకు గండి పడునేమోనని దిగువ గ్రామముల జనమును ఖాళీ చేయించిన రాత్రులు మనకు జ్ఞాపకమున్నవి. కళాశాల తిరిగి తెరచిన తరువాత, ట్యాంక్ బండ్‌పై ప్రశ్న వేసిన ఆ విద్యార్థి మా గదికి వచ్చాడు. అప్పటికి ఆఖరు సంవత్సరములో ఉన్నాడు. వారి ఇంటిలో నడుము లోతు నీరు నిలిచి, పుస్తకములు, సర్టిఫికెట్లు తడిసినవి. "సార్, మా వీధి ఉండే చోటు చెరువని మా తాత చెప్పేవాడు. మేము నవ్వేవాళ్ళం. ఇప్పుడు నీళ్ళు వచ్చినాక తెలిసింది" అన్నాడు. రెండేండ్ల క్రితము వాడు అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు వాని ఇంటిలోనే ఉన్నది.

కావున విద్యార్థులకు మా మనవి ఒకటి. ఈ సెలవులలో ప్రతివారు తమ ఊరి చెరువు వద్దకు వెళ్ళండి. దాని పేరేమి, ఎవరు కట్టించారని పెద్దలు చెప్పుదురు, నీరు ఏ వాగు ద్వారా వచ్చును, తూములెన్ని, మరవ ఎటు పారును, ఆ నీరు చేరు దిగువ చెరువు ఏది, నేడు ఆ దారిలో ఏమున్నది అను విషయములను ఒక పుటలో వ్రాసి తెండి. తాతలు, అవ్వలు, నానమ్మలు, దాదీలు ఉన్నపుడే అడగండి. వారి తరువాత చెప్పువారుండరు. తెలుగులో వ్రాసినను, ఉర్దూలో వ్రాసినను సమానమే. వాటిని కూర్చి రాబోవు సంచికలో ప్రచురించుటకు అవకాశమీయవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను కోరుచున్నాము. ఊరికొక పుట చొప్పున చేరినను, నూరు చెరువుల దారులు కాగితముపైన నిలుచును. స్థలము కొనువాడు, ఇల్లు కట్టువాడు, అనుమతి ఇచ్చువాడు దానిని చూచుటకు వీలగును.

నాలుగు వందల అరువదేండ్ల క్రితము ఒక సుల్తాను సొమ్ము ఇచ్చాడు, ఒక వలీ దగ్గరుండి పని చేయించాడు, పేరు తెలియని వేలమంది కూలీలు మట్టి మోశారు. ఆ కట్ట మీద నేడు ఒక మహానగరము నడుచుచున్నది. మన ఊళ్ళ కట్టలను మోసినవారు కూడా అట్టివారే. వారు కట్టినదానిని నిలుపుకొను పని మన వంతు.